కదలని నీటిమట్టం

మా ఆఫీసులో నన్ను రెండు పనులకే పిలిచేవారు. కంప్యూటరు మొండికేసినప్పుడు, ఎవరితోనైనా గట్టిగా మాట్లాడాల్సి వచ్చినప్పుడు. రెండో పనికి వేరే జీతమేమీ లేదు గానీ, నేను ఇష్టంగా చేసింది అదే. ఆ సంవత్సరం ఒకే రోజున రెండు పనులూ కలిసి వచ్చాయి. ఆ రోజు నాకు కలిగిన భయం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. వాన నాలుగు రోజులు వదలకుండా పడితే ఈనాటికీ నాకు అన్నం సహించదు.

మాది కిరండూల్ రైలు లైను మీద ఒక చిన్న స్టేషన్ పక్కన, ఇనపరాయిని కడిగి రవాణాకు సిద్ధం చేసే ఫ్యాక్టరీ. చిన్న ప్రైవేటు కంపెనీ. అది మూతపడి చాలా ఏళ్లయింది. రాయి కడిగితే ఎర్రటి బురదనీళ్లు మిగులుతాయి కదా, వాటిని రెండు కొండల మధ్య మట్టికట్ట వేసి చెరువులా నిలవబెట్టేవారు. చెరువంటే చేపలూ తామరలూ అనుకోకండి. టొమాటో పులుసు రంగులో, కదలకుండా, కాకి కూడా వాలని నీళ్లు. కట్ట కింద నుంచి ఒక నాలా మొదలై రైలు పట్టాల దాకా దిగుతుంది. నాలా ఒడ్డున, పట్టాలకి ఈవల, రైల్వే గ్యాంగు క్వార్టర్లు ఒక వరస. ఆ వరసలో చివరి ఇంట్లో మా అప్ప ఉండేది.

అప్ప అంటే మా పెద్దక్క. మాది శ్రీకాకుళం వైపు, అక్కడ అలాగే పిలుస్తాం. మా నాన్న ఈ లైను వేసిన కొత్తలో కళాసీగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అప్పకి గ్యాంగుమన్‌తో పెళ్లి చేశాడు, నన్ను విశాఖపట్నం పంపి డిగ్రీ చదివించాడు. ఈ తేడా గురించి అప్ప నన్ను బతికినంత కాలమూ దెప్పింది. నేనూ ఊరుకోలేదు. ఆ ఏడాది వర్షాకాలం మధ్యలో ఆవిడ వాకిట్లో జారి కాలు విరగ్గొట్టుకుంది. తొడ దాకా సిమెంటు కట్టు వేశారు. వాన రోజుల్లో పట్టాల మీద గస్తీ తప్పదు కనుక మా బావ పగలనకా రాత్రనకా లైను మీదే ఉండేవాడు. పక్కింటావిడ ఇంత అన్నం వండి పెడుతుంటే, అప్ప మంచం మీద నుంచే వీధి మొత్తాన్నీ పాలించేది.

కట్ట గురించి కొంచెం చెప్పాలి, లేకపోతే నా భయం మీకు అర్థం కాదు. మట్టికట్ట బయటికి పొడిగా కనిపించినా లోపల కొంత నీరు ఉంటుంది. ఆ నీరు పైకి ఎక్కేకొద్దీ కట్ట మెత్తబడుతుంది. అది ఎంత ఎక్కిందో చూడటానికి కట్టలోకి నిలువుగా ఒక గొట్టం దించారు. గొట్టం మూతి నుంచి నీళ్లు పది మీటర్ల లోతున ఉంటే హాయిగా నిద్రపోవచ్చు. నాలుగు మీటర్ల లోపుకి వస్తే కట్ట కింద మనుషులెవరూ ఉండకూడదు. నియమం అంతే. ఒకప్పుడు టేపు దించి కొలిచేవారు. తర్వాత గొట్టంలో ఒక పరికరం వేలాడదీసి, పైన ఒక పెట్టె బిగించారు. ఆ పెట్టె పది నిమిషాలకోసారి నీటిమట్టాన్ని రేడియోలో మా ఆఫీసు కంప్యూటరుకి పంపుతుంది. హైదరాబాదులో ఎవరో రాసిన ప్రోగ్రాము దాన్ని అందుకుని, తెర మీద పచ్చగీత గీస్తుంది. పచ్చగీత చూసి మేమంతా టీ తాగేవాళ్లం.

వాన మొదలైన రెండో రోజున ఆ తెర తెల్లబోయింది. ప్రోగ్రాము వాడుకోవడానికి ఏడాదికోసారి ఆ హైదరాబాదు కంపెనీ వాళ్లు కొత్త సంకేతం ఇవ్వాలి. ఇవ్వలేదు. గడువు దాటింది. తెర మీద గీత లేదు, అంకె లేదు, సంప్రదించండి అని ఒక డబ్బా మాత్రం ఉంది. సంప్రదించాం. వాళ్ల మనిషి భద్రాచలం మీదుగా బస్సులో వస్తున్నానని చెప్పాడు. మూడో రోజు తోంగ్‌పాల్ నుంచి ఫోన్ చేశాడు. ముందు కల్వర్టు మీద నడుం లోతు నీళ్లట, బస్సు కదలదట.

"ఆ సంకేతమేదో ఫోన్లోనే చెప్పవచ్చుగా" అన్నాను.

"అది నా దగ్గర ఉండదు మేడమ్. నేను సీడీ తెస్తున్నాను."

"అయితే నువ్వు తోంగ్‌పాల్‌లో సీడీ పెట్టుకుని ఏం చేస్తావు?"

"ఇక్కడ మిర్చి బజ్జీ బాగుంది మేడమ్" అన్నాడు. వాడి వయసుకి అది హాస్యమే కావచ్చు. నేను ఫోన్ పెట్టేశాను.

మా పైఅధికారి దుర్గ్ వైపు నుంచి వచ్చిన హిందీ ఇంజనీరు. చెడ్డవాడు కాడు. కానీ ఏ విషయమైనా కాగితం మీద ఉంటేనే ఆయనకు కనిపిస్తుంది. నాలుగో రోజు పొద్దున ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, తెర పోయినా ప్రోగ్రాము వెనకాల పని చేస్తూనే ఉందా అని అడిగాడు. ఉంది. పెట్టె నుంచి వచ్చే కబురు వస్తూనే ఉంది, ఫైలు పెరుగుతూనే ఉంది. చూపించడం ఒక్కటే మానేసింది.

"తో ఫైల్ ఖోల్‌కే దేఖ్ లో" అన్నాడు, ఆ ఫైలే తెరిచి చూడమని.

"అది వాళ్ల ఫైలు సార్. వాళ్ల ప్రోగ్రాముకి తప్ప ఇంకెవరికీ అర్థం కాకుండా రాసుకున్నారు."

"ఆప్ తో పఢీ లిఖీ హైఁ" అన్నాడు. చదువుకున్నదానివి కదా అని. ఈ మాట ఎవరన్నా నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే అది అప్ప మాట. కానీ కిటికీ బయట వాన తాళ్లలా వేలాడుతోంది. నేను ఆయనతో వాదించకుండా కూర్చోవడం ఆఫీసులో అందరికీ వింతగానే తోచి ఉంటుంది.

ముందు ఆ ఫైలుకి ఒక నకలు తీసి ఫ్లాపీలో వేసుకున్నాను. అసలు దాన్ని ముట్టుకోలేదు. అది ఫ్లాపీలో ఒక మూలకే సరిపోయింది, అక్కడే నాకు మొదటి అనుమానం వచ్చింది. పది నిమిషాలకో అంకె చొప్పున ఇన్ని నెలల అంకెలను పూర్తిగా రాస్తే ఫైలు అంత చిన్నగా ఉండకూడదు. అంటే కుదించి రాశారు. పరుపును చుట్టి తాడుతో బిగించినట్టు. ఎలా చుట్టారో తెలిస్తే తప్ప విప్పలేం.

ఫైలు లోపల ఉన్న గుర్తుల్ని అంకెలుగా చూపించే ఒక చిన్న ప్రోగ్రాము నా దగ్గర ఉండేది. దాంట్లో తెరిచాను. వరసలు వరసలుగా అంకెలు. దేనికీ అర్థం లేదు. అర్థం లేదని తెలిసి కూడా చూస్తూ కూర్చుంటే, కాసేపటికి అవి నన్ను చూస్తున్నట్టు అనిపించింది. నాకు తెలిసింది ఒక్కటే దారి. జవాబు ముందే తెలిసిన లెక్క ఒకటి దొరకాలి. దొరికింది. ఎండాకాలంలో తనిఖీకి వచ్చిన వాళ్ల కోసం మే నెల గీతని అంకెలతో సహా అచ్చు తీసి గోడకి అంటించారు. వాళ్లు వెళ్లాక తియ్యాలని ఎవరికీ తోచలేదు. నా జీవితంలో గోడ మీది చెత్తకి కృతజ్ఞత చెప్పుకున్నది అప్పుడే.

మే మొదటి అంకె ఫైల్లో ఎక్కడుందో వెతికాను. లేదు. సగం పూట వెతికాక తట్టింది, వాళ్లు అంకెని వెనక నుంచి ముందుకి రాశారు. మనం నూట ఇరవై మూడుని మూడు, ఇరవై, నూరు అని చెబితే ఎలా ఉంటుందో అలా. తిరగేసి చూస్తే ఉంది. దాని పక్కనే తర్వాతి అంకె ఉంటుందనుకున్నాను. అక్కడ ఉన్నది ఒకటి. దాని పక్కన మళ్లీ ఒకటి, తర్వాత సున్నా, తర్వాత రెండు. గోడ మీది కాగితం చూశాను. మొదటి అంకెకి ఒకటి కలిపితే రెండో అంకె, దానికి ఒకటి కలిపితే మూడోది. పూర్తి అంకె ఒక్కసారే రాసి, ఆ తర్వాత ఎంత మారిందో అంతే రాస్తున్నారు. తెలివైన పనే. ఎవరు రాశారో గానీ పిసినారి ఇంట్లో పుట్టి ఉంటాడు.

కానీ కాసేపు పోయాక లెక్క తప్పింది. ఒక చోట ఒక పెద్ద గుర్తు వచ్చింది, నేను దాన్ని కూడా మార్పుగానే కలిపేశాను. కలిపి అక్కణ్ణుంచి ఈ రోజు దాకా విప్పుకుంటూ వచ్చేసరికి, నీళ్లు గొట్టం మూతి దాటి రెండు మీటర్లు పైకి వచ్చినట్టు తేలింది. అంటే కట్ట ఈపాటికి కొట్టుకుపోయి ఉండాలి. అది తప్పని నా బుర్రకి తెలుసు. నా కాళ్లకి తెలియలేదు. లేచి కిటికీ దగ్గరికి వెళ్లి కట్ట వైపు చూశాను. వానలో ఏమీ కనిపించలేదు.

తప్పుగా విప్పినా అంకెలే వస్తాయి. ఆ రోజు నేర్చుకున్నది అదే. బట్ట తప్పుగా కత్తిరిస్తే జాకెట్టు కాదు, చూడగానే తెలిసిపోతుంది. అంకెలకి ఆ సిగ్గు లేదు. తప్పుడువి కూడా ఒప్పుల్లాగే బారుగా నిలబడతాయి. ఒకసారి విప్పితే కట్ట మునిగింది, ఇంకోసారి విప్పితే ఎండిపోయింది. ఈ రెండిటి మధ్య కింద మా అప్ప కాలు చాపుకుని పడుకుని ఉంది.

మళ్లీ గోడ కాగితం దగ్గరికి వెళ్లాను. ఆ పెద్ద గుర్తు వచ్చిన చోట కాగితం మీద ఒకే అంకె వరసగా కొన్ని సార్లు ఉంది. గుర్తు పక్కన ఉన్నది సరిగ్గా ఆ సార్ల లెక్క. మళ్లీ అదే, ఇన్నిసార్లు అని చెప్పడానికి వాళ్లు పెట్టుకున్న గుర్తు అది. అక్కడి నుంచి మే నెలంతా అచ్చు కాగితంతో పొల్లుపోకుండా సరిపోయింది. జూన్ విప్పాను, జులై విప్పాను. వానలకి నీళ్లు ఎక్కడం, తెరిపికి తగ్గడం, అన్నీ నాకు గుర్తున్నట్టే ఉన్నాయి. ఇక భయం లేదు, తాళం దొరికింది అనుకుంటూ సెప్టెంబరులోకి వచ్చాను.

సెప్టెంబరు మధ్య దాకా వచ్చి ఆగిపోయింది. ఫైలు కాదు, అంకె. తొమ్మిదిన్నర మీటర్లకి కొంచెం అటూ ఇటూగా ఒక అంకె. దాని పక్కన ఆ పెద్ద గుర్తు. పక్కన లెక్క, గుర్తు మోయగలిగినంత పెద్ద లెక్క. మళ్లీ అదే గుర్తు, అదే లెక్క. మళ్లీ. ఫైలు చివరి దాకా, ఈ రోజు పొద్దుటి దాకా అదొక్కటే. మళ్లీ అదే, మళ్లీ అదే.

ముందు నేను దారి తప్పానేమో అనుకున్నాను. మొదటి నుంచి విప్పాను. అక్కడికే వచ్చింది.

సార్‌కి చూపించాను. ఆయన ముఖం విచ్చుకుంది. "తొమ్మిదిన్నర. బహుత్ అచ్ఛా. స్టేబుల్ హై."

"సార్, నాలుగు రోజులుగా ఆకాశం చిల్లు పడింది. ఈ అంకె చివరి గింజ కూడా కదల్లేదు."

"నహీఁ హిలా, మతలబ్ సేఫ్ హై" అన్నాడు, కదల్లేదంటే క్షేమమేనని.

"మే నెలలో, ఎండకి చెట్లు మాడిపోయే రోజుల్లో కూడా ఈ అంకె గంటకోసారి అటూ ఇటూ వణికింది. చూడండి గోడ మీద. నీళ్లన్నాక వణకాలి. ఇది వణకడం లేదంటే నీళ్లు సురక్షితంగా ఉన్నాయని కాదు. పెట్టె నీళ్లని చూడటం మానేసిందని."

ఆయన, తెర మీద గీత ఎప్పుడూ తిన్నగానే ఉండేది కదా అన్నాడు. ఉండేది. ఏడాది మట్టాన్ని అరచేతంత గీతలో గీస్తే వణుకు ఎవరికి కనిపిస్తుంది? ఆ వణుకు ఆగిన సంగతి కుదించి దాచిన ఫైల్లోనే కనిపించింది, ఎందుకంటే అక్కడ మారనిదానికి మళ్లీ అదే అని రాయక తప్పలేదు.

లెక్క వెనక్కి కట్టి చూశాను, అంకె ఏ రోజు నుంచి కదలడం మానేసిందో. విశ్వకర్మ పూజ నాటి పొద్దున.

ఇక్కడి గనుల్లో ఆ రోజున ఏ యంత్రమూ నడవదు. ఆఖరి బోల్టు బిగించే పానా దాకా అన్నిటినీ కడిగి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, బూందీ పంచుతారు. నా కంప్యూటరుకి కూడా నుదుటి మీద బొట్టు ఉంటుంది. నేను కరెంటు పనివాణ్ని పిలిపించాను. అతను మద్దేడ్ ఊరి మనిషి, నా కన్నా చిన్నవాడే గానీ నోరు నాకు సరిజోడు.

"ఏంది మేడం, వానల వైర్లు ముట్టుకోమంటరా?"

"పూజ రోజున కట్ట మీది పెట్టెని ఏం చేశావు?"

"ఏం జేసిన? అన్ని మిషిన్లకు జేసినట్టే జేసిన. స్విచ్చి బంద్ జేసి, తుడిచి, దండ ఏసిన. దానికి గూడ ఒక్క దినం సెలవు ఉండద్దా?"

"మర్నాడు మళ్లీ వేశావా?"

"ఏసిన. లైటు అచ్చింది."

"ఏ రంగు లైటు?"

"ఎర్రది" అన్నాడు. "లైటైతే అచ్చింది గదా మేడం."

పెట్టె ఆగి మళ్లీ మొదలైతే, తేదీ సరిచేసి ఒక మీట నొక్కాలి. నొక్కే దాకా లైటు ఎర్రగానే ఉంటుంది, అది కొలవదు. కానీ వేరే బ్యాటరీ మీద నడిచే రేడియో మాత్రం ఆఖరున ఉన్న అంకెనే పంపుతూ ఉంటుంది, పాపం దానికి తెలిసిందదే. ఇదంతా అప్పటికి నాకు తెలియదు, తర్వాత తోంగ్‌పాల్ వాడు చెప్పాడు. అప్పుడు తెలిసిందల్లా, పూజ రోజు నుంచి ఆ కట్ట లోపల నీళ్లెక్కడ ఉన్నాయో ఈ భూమి మీద ఎవరికీ తెలియదన్నది.

"టేపుతో కొలవాలి" అన్నాను.

"ఈ వానలో ఎవరు వెళ్తారు?" అన్నాడు సార్.

"నేను వెళ్తాను. జీపు ఇవ్వండి." నేనలా అంటానని నాకు ముందు తెలియదు. అన్నాక వెనక్కి తీసుకునే అలవాటు నాకు లేదు.

జీపు కట్ట మొదట్లోనే ఆగిపోయింది. నేనూ కరెంటు మనిషీ గొడుగులతో ఎక్కాం. కాలు పెట్టిన చోట మట్టి కాలిని ఊరికే వదల్లేదు. ఒక పక్క ఎర్రటి చెరువు, ఇంకో పక్క కింద నాలా, దాని చివర క్వార్టర్ల పెంకులు. చివరి ఇంటి పొగగొట్టంలోంచి పొగ వస్తోంది. పక్కింటావిడ అప్పకి అన్నం వండుతోందన్న మాట.

పెట్టె మీద బంతిపూల దండ అలాగే ఉంది, వానకి నల్లబడి. ఎర్ర లైటు మిటకరిస్తోంది. ఇద్దరం దాని వైపు చూశాం.

మామూలుగా అయితే టేపుకి సుద్ద రాసి దించుతారు. పైకి తీశాక ఎక్కడి దాకా తడిసిందో సుద్ద చెబుతుంది. వానలో టేపు మొత్తం తడే. ఇక మిగిలింది చెవి. టేపు చివర సీసం గుండు ఉంటుంది, అది నీళ్లని తాకితే చప్పుడు అవుతుంది. నేను మోకాళ్ల మీద కూర్చుని చెవి గొట్టం మూతికి ఆనించాను. అతను నా తల మీద ఒక గొడుగు, గొట్టం మీద ఒక గొడుగు పట్టి, మిగిలిన వేళ్లతో టేపు వదలడం మొదలుపెట్టాడు.

"మెల్లగా వదులు."

"మెల్లగనే ఇడుస్తున్న."

తొమ్మిది మీటర్ల దాకా చప్పుడు రాకూడదు. అంత సేపు గొట్టంలోని చీకటిని వినాలి. నాకు చిన్నప్పటి నుంచి ఏ దేవుడితోనూ పెద్ద మాటల్లేవు. ఆ రోజు కూడా దేవుణ్ణి అడగలేదు. గుండునే అడిగాను, ఇంకా పో, ఇంకా పో అని.

బుడుంగ్ మంది.

నేను అతని ముఖంలోకి చూశాను. అతనికీ వినిపించింది. "ఇంకో తాప జూద్దాం మేడం" అన్నాడు. పైకి లాగి మళ్లీ వదిలాడు. మళ్లీ అక్కడే. టేపు మీద అతని బొటనవేలి దగ్గర ఉన్న అంకెని ఇద్దరం చదివాం. మూడున్నరకి కొంచెం ఇవతల.

దిగేటప్పుడు నేను పరిగెత్తలేదు. పరిగెత్తితే కట్ట వింటుందేమో అనిపించింది. నవ్వండి, పరవాలేదు.

సార్ గురించి ఒక మంచి మాట చెప్పాలి. అంకె చెప్పగానే ఆయన ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. సైరన్ వేయించాడు, ఉన్న పంపులన్నీ చెరువు మీదికి పంపాడు, స్టేషన్‌కి ఫోన్ చేశాడు. వానకి గూడ్సు బళ్లు అప్పటికే ఆపేశారు. క్వార్టర్ల వాళ్లంతా ఎత్తు మీదున్న స్టేషన్‌కి ఎక్కాలని చెప్పారు. అందరూ ఎక్కారు, చివరి ఇల్లు తప్ప.

నేను వెళ్లేసరికి అప్ప మంచం మీద కూర్చుని తల దువ్వుకుంటోంది.

"ఏటే, ఆ గుడ్డలేటి? బురదలో దొర్లినావా?"

"అప్పా, లెగు. కట్ట మెత్తబడిపోయింది."

"నానెక్కడికీ రాను. ఏటేటా ఒక సైరను ఏస్తారు మీ కంపినీవోళ్లు. ఈ కట్టు కాలుతోటి ఎల్లి ఆ ప్లేటుఫారం మీద పడుంటే జనాలు సూసి నవ్వరా?"

"ఎవరూ నవ్వరు. అందరూ ఏడుస్తున్నారు."

"మొన్న బాగానే ఉందన్నావు కదే? నువ్వే అన్నావు, మా కంపూటరులో పచ్చగా ఉంది, నీటి అంకె కదల్లేదు అని."

"కదల్లేదు. అదే చెబుతున్నాను. ఇన్ని రోజుల వానకి కూడా కదల్లేదు."

"కదలకపోతే మంచిదే కదే, సదువుకున్నదానా."

పొద్దుట్నుంచి ఇదే వాదన సార్‌తో చేసి వచ్చాను. ఇంగ్లీషూ హిందీ కలిపి చేశాను. అప్పతో ఏ భాషలో చెయ్యాలో ఒక్క నిమిషం తోచలేదు. బయట నాలా చప్పుడు మారుతోందేమో అని ఒక చెవి అటే ఉంది. వంటగదిలో పక్కింటావిడ సగంలో వదిలేసి పోయిన గిన్నె కనిపించింది.

"అప్పా, పొయ్యి మీద ఎసరు పెట్టావు. అరగంటయింది. నీళ్లు ఉలకవు, పలకవు. బుడగ లేదు, ఆవిరి లేదు. ఏమనుకుంటావు?"

"పొయ్యి ఆరిపోనాదనుకుంటాను."

"ఎసరు చల్లగా, క్షేమంగా ఉందనుకోవు కదా?"

అప్ప దువ్వెన ఆపింది. నా ముఖం వైపు చాలాసేపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు, చిన్నప్పుడు నేను అబద్ధమాడితే అలా చూసేది.

"మరి నిజం నీళ్లు ఎక్కడున్నాయి?"

చెప్పాను. చెవి పెట్టి విన్నానని కూడా చెప్పాను.

"అయితే నన్నెలాగ మోస్తారే?" అంది. గొంతు చిన్నదైపోయింది. మా అప్ప గొంతు చిన్నదవడం నేను వినడం అదే మొదలు, నాకు కట్ట మీద కన్నా అక్కడ ఎక్కువ భయం వేసింది.

గ్యాంగు వాళ్లు నలుగురు మంచంతో సహా ఎత్తి పట్టాల మీదికి తెచ్చారు. లైను చూసుకునే ఇంజనీరు తిరిగే తోపుడు ట్రాలీ ఉంటుంది, బెంచీకి చక్రాలు తగిలించినట్టు. దాని మీద అప్పని కూర్చోబెట్టి, కట్టు కాలు ముందుకి చాపి, తోసుకుంటూ స్టేషన్ దాకా, అక్కడి నుంచి జీపులో కొండ మీద మా ఇంటికి. ట్రాలీ మీద వెళ్తున్నంత సేపూ ఆవిడ నా చెయ్యి వదల్లేదు, నన్ను తిట్టడమూ మానలేదు. బియ్యం డబ్బా మూత వేశావా అంది. వేశానన్నాను. వెయ్యలేదు.

మర్నాడు పొద్దున్న, వాన కొంచెం తెరిపిచ్చాక, కట్ట పాదం దగ్గర ఒక ముక్క జారింది. మొత్తం కట్ట కాదు, ఒక మూల. మా వరండాలోంచి చూశాం. పెద్ద చప్పుడేమీ రాలేదు, దూరంగా లారీలోంచి కంకర దింపుతున్నట్టు. నాలాలో ఎర్రటి బురద దిగింది. తొందర లేకుండా, ముద్దగా, దారిలో ఉన్నదాన్నల్లా తోసుకుంటూ వచ్చి, క్వార్టర్ల వరస మీద వాలి, రైలు కట్టకి ఆనుకుని ఆగింది. కిటికీల దాకా వచ్చింది. చివరి ఇంటికి కొంచెం ఎక్కువే. ఇళ్లలో ఎవరూ లేరు. మా బావ రాత్రంతా గస్తీలో ఉండి, పట్టాల మీద నిలబడి అదంతా చూశాడట.

అప్ప ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "మిగతాదో?" అంది.

మిగతాది అలాగే ఉంది. జారింది మూల మాత్రమే. దాని వెనక చెరువు చెరువంతా నిలబడే ఉంది. పంపులు లాగుతున్నాయి. భయం అయిపోయిందనుకున్న చోట నుంచి మళ్లీ మొదలైంది. మా ఇల్లు కొండ మీద ఉంది, ఏ బురదా అక్కడి దాకా ఎక్కదు. అది నాకు తెలుసు, అప్పకీ చెప్పాను. అయినా ఆవిడ వరండాలో ఆ వైపుకి వీపు పెట్టి కూర్చోలేకపోయింది.

తోంగ్‌పాల్ వాడు చివరికి వచ్చాడు. సీడీ పెట్టాడు, పెట్టె మీట నొక్కాడు, తెర మీద పచ్చగీత మళ్లీ వచ్చింది. ఈసారి అంకె వణుకుతోంది. "అంతా సరిగ్గా ఉంది మేడమ్, ఇక మీరు కట్ట ఎక్కక్కర్లేదు" అన్నాడు. అలాగే నాయనా అన్నాను. అన్నాక జీపు ఎక్కి, కరెంటు మనిషిని వెంటబెట్టుకుని, టేపు పట్టుకుని కట్ట మీదికి వెళ్లాను. అతను కూడా ఎందుకని అడగలేదు. పంపులు నడిచినన్ని రోజులూ వెళ్లాం.

మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చేసరికి అప్ప పళ్లెం ముందు కూర్చుని ఉండేది. కలిపిన ముద్ద కలిపినట్టే ఉండేది.

"ఎంతుంది?"

"ఆరు దాటింది. దిగుతోంది."

"పెట్టె సెప్పిందా?"

"పెట్టె కూడా అదే చెప్పింది."

"పెట్టె సంగతి నానడగలేదు. నీ సెవితో ఇన్నావా?"

"విన్నాను."

"తొందరగా ఇనపడిందా, సాలాసేపటికా?"

"చాలాసేపటికి అప్పా. గుండు పోయి పోయి, ఇక రాదేమో అనుకున్నాక."

ఆవిడ నా చెవి వైపు చూసేది. అక్కడ గొట్టం మూతి తాలూకు తుప్పు గుండ్రంగా అంటుకుని ఉండేది. అది చూశాక గానీ ముద్ద నోట్లో పెట్టుకునేది కాదు.